నలభై ఒకటి దాటని యుద్ధం

రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడో అయిపోయిందని మీరు అనుకుంటున్నారేమో. కోదాడలో మాత్రం కాలేదు. గోవర్ధన్ అనే రిటైర్డ్ బస్సు కండక్టరు దాన్ని అయిపోనివ్వడం లేదు. ఆయన చెప్పే యుద్ధం 1939లో పోలండ్‌లో మొదలవుతుంది, 1941 చలికాలంలో మాస్కో ముందు మంచులో ఆగుతుంది. వినేవాళ్లు హమ్మయ్య అనుకుని లేవబోతారు. ఆయన తల గోక్కుని, "ఆగుండ్రి, పోలండ్ సంగతి ఒక ముక్క మర్చిపోయిన" అంటాడు. మళ్లీ 1939.

ఈ జబ్బు ఆయనకు మిర్యాలగూడ బస్సులో అంటింది. ఎవరో ప్రయాణికుడు సీటు మీద ఇటుకంత పుస్తకం ఒకటి వదిలేసి దిగిపోయాడు. డిపోలో అప్పగిస్తే నెలల తరబడి ఎవరూ రాలేదు, చివరికి ఇది నీకే రాసిపెట్టి ఉందని ఆయన చేతిలోనే పెట్టారు. యుద్ధ చరిత్ర, మొదటి భాగం. అది 1941తో అయిపోతుంది. రెండో భాగం బస్సెక్కలేదు కాబట్టి గోవర్ధన్‌కు తర్వాతి సంగతి తెలియదని కోదాడ మొత్తం తీర్మానించింది.

తెలిసిన రెండేళ్లతోనే ఆయన లోకాన్నంతా నడిపించేవాడు. నల్లా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందెలు జరుపుకుంటే, "పోలండ్‌ల గూడ గిట్లనే షురువైంది" అనేవాడు. వియ్యంకులు ఎడమొహం పెడమొహంగా ఉంటే ఇంకా సంబరం. "యుద్ధమని చాటింపేసి ఎనిమిది నెలలు గమ్మున కూసున్నరు ఫ్రాన్సోళ్లు. మాటల్లేవు, దెబ్బల్లేవు. అచ్చం మీ లెక్కనే." ఆ వియ్యంకులు ఆయన్ని తిట్టడానికి కలిశారు, అట్లా రాజీ అయింది.

ఉమ ఆయన అన్న కూతురు. చిలుకూరు నుంచి వచ్చి వాళ్లింట్లోనే ఉంటూ డీఎస్సీకి చదువుతోంది, సోషల్ టీచర్ పోస్టు కోసం. ఇంట్లోనే చరిత్ర ఉంది కదా అని పాపం ఒక సాయంత్రం యుద్ధం గురించి అడిగింది. పది సాయంత్రాలైనా మాస్కో దాటలేదు.

"చిన్నాయనా, పరీక్షల రెండు మూడు మార్కులకంటె ఎక్కువ రావు. ఎవరు గెలిచిన్రో చెప్పు, చాలు."

"ఎట్ల మొదలైందో సమజ్ కాకుండ ఎవరు గెలిస్తే నీకేంది బిడ్డా?"

"ఆయనకు తెలిస్తె గద చెప్పేది" అంది వంటింట్లోంచి ఆయన భార్య నవనీత.

కోదాడలో అందరూ జాలిపడే మనిషి మాత్రం ఒకడున్నాడు, పాండు. గోవర్ధన్, పాండు చిన్నప్పుడు చిలుకూరులో కలిసి గొర్రెలు కాశారు. గోవర్ధన్ బస్సెక్కాడు, పాండు మందతోనే ఉన్నాడు. నాలుగేళ్ల కింద పాండు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు సూర్యాపేటకు పోయి నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాలి. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీళ్లు నిండి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. మూడు రోజులూ గోవర్ధన్ పుస్తకం సంకలో పెట్టుకుని వెంట పోతాడు. "చేతికి సూది గుచ్చినోడు లేచి ఉరకలేడు గద, అందుకే దొరకపట్టిండు" అనేది నవనీత.

ఒక బుధవారం గోవర్ధన్ మిర్యాలగూడలో పెళ్లికి పోవలసి వచ్చింది. పాండుకు తోడు ఉమను పొమ్మన్నాడు. బస్సెక్కేముందు మాత్రం గట్టిగా చెప్పాడు. "యుద్ధం ముచ్చట ఎత్తకు. మాస్కో కాడ ఆపిన. శుక్రారం నేనే చెప్త."

ఉమకు ఒళ్లు మండింది. ఈ ముసలాయన్ని ఇట్లా పట్టి పీడించడం ఏం న్యాయం అనుకుంది. మిషన్ తిరుగుతుంటే పాండు పక్కన కూర్చుని, నాలుగేళ్ల చెరనుంచి ఆయన్ని పది నిమిషాల్లో విడిపించింది. రష్యా తిరగబడింది, అమెరికా దిగింది, జర్మనీ ఓడింది, ఆఖరికి జపాన్ కూడా లొంగింది.

పాండు అంతా విన్నాడు. "అయితే ఖతమేనా బిడ్డా?"

"నలభై ఐదుల్నే ఖతం మామా."

"మంచిగైంది" అని కళ్లు మూసుకున్నాడు. ఉమ ఆ రోజు పుణ్యం చేసినంత తృప్తిగా ఇంటికొచ్చింది.

శుక్రవారం పొద్దున పాండు బస్టాండుకు రాలేదు. గోవర్ధన్, ఉమ ఆయన ఇంటికి పోయారు. పాండు ఒట్టి బనీనుతో మంచంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"అంగీ తొడుక్కోలేదేంరా?" అన్నాడు గోవర్ధన్.

"యుద్ధం అయిపోయిందంట గద. పిల్ల చెప్పింది. మన మాట గూడ అయిపోయినట్టే. ఇగ నన్ను ఇడిసిపెట్టు."

గోవర్ధన్ సంకలోని పుస్తకం తీసి మంచం మీద పెట్టేశాడు. ఆయన దాన్ని వదలడం ఉమ చూడటం అదే మొదలు. పాండు భార్య రాములమ్మ ఉమను పక్కకు పిలిచింది.

"నాలుగేండ్ల కింద మొదటి నెలల్నే, నేను రాను, సూదులు గుచ్చిపిచ్చుకునుడు నా వల్ల గాదని అడ్డం పడ్డడు మీ మామ. మీ చిన్నాయన గా పుస్తకం తెచ్చి, ఈ యుద్ధం అయిపోయేదాక రా, తర్వాత నీ ఇష్టం అన్నడు. ఈయన సరే అన్నడు. గప్పటి సంది మీ చిన్నాయన దాన్ని అయిపోనిస్తలేడు."

"చిన్నాయనకు మిగిలింది తెల్వదు గదా అత్తా?"

"తెల్వకేంది? గా ఏడాదే హైదరాబాద్ పోయి రెండో భాగం కొనుక్కొచ్చిండు. మీ ఇంట్ల బియ్యం డ్రమ్ము ఎనక ఉంటది సూడు. మీ చిన్నమ్మనే దాచింది."

ఉమకు తల తీసేసినట్టయింది. ఇవాళ తప్పితే మళ్లీ సోమవారమే, బుధవారం నుంచి లెక్కేస్తే ఐదు రోజులు. ఏడవడానికి టైము లేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి మంచం పట్టె మీద కూర్చుంది.

"మామా, ఒక్కటి సమజ్ గాలే. ఫ్రాన్సోళ్లు అంత పెద్ద గోడ కట్టుకున్నరు. ఆరు వారాలల్ల ఎట్ల పడిపోయిన్రు? చిన్నాయన పదిసార్లు చెప్పిండు, తలకెక్కలే."

ఇది అబద్ధం కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

పాండు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "వాడు బస్సు మనిషి. వానికేమెరుక? గొర్ల దొడ్డికి మూడు దిక్కుల కంప కట్టిన నేను. నాలుగో దిక్కు తుమ్మ అడివి, దాంట్లకెల్లి పిల్లి గూడ దూరదనుకున్న. తోడేలు దాంట్లకెల్లే వచ్చింది. పదకొండు గొర్రె పిల్లలు పోయినయి. ఫ్రాన్సోళ్లు గంతే. గోడ లేని కాడ అడివి ఉందని నిమ్మళంగ పండుకున్నరు. జర్మనోడు అడివిల నుంచే వచ్చిండు. రాసుకున్నవా?"

"రాసుకున్న. మరి సముద్రం ఒడ్డుకు తరిమితే అన్ని లక్షల మంది సిపాయిలు ఎట్ల దాటిన్రు?"

"అది శాన పెద్ద ముచ్చట. ఓసారి సాగర్ కాల్వ కాడ మంద ఇరుక్కుంటే..."

"ఏడు గంటలకు బస్సుంది. బస్సుల చెప్పుకోవచ్చు" అన్నాడు గోవర్ధన్ మెల్లగా.

"నువ్వు ఊకో. పిల్లకు పరీక్షుంది, నేను చెప్తున్న." పాండు చుట్టూ చూసి విసుక్కున్నాడు. "రాములమ్మా, నా అంగీ ఏడ పెట్టినవ్?"

ఇప్పుడు ముగ్గురూ పోతున్నారు. పాండు చెబుతాడు, ఉమ రాసుకుంటుంది, గోవర్ధన్ మధ్యలో దూరబోయి తిట్లు తింటాడు. పక్క బెడ్డు మీది ఏసమ్మ కూడా ఫ్రాన్స్ పక్షాన తోడేలును శపిస్తోంది. ఉమ హాల్ టికెట్ వచ్చింది, పరీక్షకు పన్నెండు రోజులే ఉన్నాయి.

మొన్న బుధవారం పాండు కథ మాస్కో ముందు మంచులోకి చేరింది. ఉమ సంబరంగా కొత్త పేజీ తిప్పి, పైన 1942 అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

పాండు గోవర్ధన్ వైపు ఒకసారి చూశాడు. సూది లేని చేత్తో తల గోక్కున్నాడు.

"ఉమా, పోలండ్ సంగతి ఒక ముక్క మర్చిపోయిన."

గోవర్ధన్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. ఉమ 1942ను కొట్టేసి, పేజీలన్నీ వెనక్కి తిప్పింది.

"చెప్పు మామా" అంది.