పోలరాజు కొట్టిన మేకులు

పోలరాజు గారికి మెల్లగా మాట్లాడటం రాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఉక్కు ఫ్యాక్టరీలో ఓవర్‌హెడ్ క్రేను కేబిన్లో కూర్చుని, కింద మోతలో నిలబడ్డవాళ్ళకి వినపడాలని అరిచి అరిచి, ఆయన గొంతు ఆ ఎత్తునే ఉండిపోయింది. రిటైరయ్యాక టాటానగర్ బారిడీహ్ పేటలో మా పక్కింటికి వచ్చాడు. ఆయన వాళ్ళింట్లో మంచినీళ్ళు అడిగితే మా ఇంట్లో మా ఆయన లేచి గ్లాసు అందుకునేవాడు.

అలాంటి మనిషి మ్యూజియం పెడతానన్నాడు. మ్యూజియంలో గట్టిగా మాట్లాడకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆయన గొంతులో వాళ్ళ మాట వినపడేది కాదు.

మా పేటలో తెలుగువాళ్ళ సంఘం ఒకటుంది. దానికి నేను సెక్రటరీని. హిందీ మీడియం స్కూల్లో పాఠాలు చెప్పుకునే కల్యాణినైన నాకు ఈ పదవి ఎందుకంటే, ఎన్నికల రోజున నేను ఊళ్ళో లేను. ఆ సంఘం మీటింగులోనే పోలరాజు గారు లేచి నిలబడ్డాడు.

"మా మనవల్ని మీదే ఊరని అడిగితే టాటానగర్ టేసను అంతన్నారు. టేసను ఊరేటర్రా? టెక్కలి నుంచి, ఇచ్చాపురం నుంచి మన తాతలు ఏటి కట్టుకొచ్చారో, ఏటి తిన్నారో, ఏ పని చేశారో ఒక గదిలో పెడదాం. పిల్లలు చూత్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. పని తమమీద పడదని తెలిస్తే మావాళ్ళు చప్పట్లు బాగా కొడతారు.

సంఘం హాలు వెనక ఒక గది ఉంది. విరిగిన కుర్చీలూ, పోయినేటి వినాయకుడి పందిరి కర్రలూ అందులో పడుండేవి. అది ఖాళీ చేయించి, ఇళ్ళలో పాతవస్తువులుంటే తెచ్చివ్వమని కబురు పెట్టాం. అదే మేము చేసిన తప్పు. తుక్కుకొట్టుకి ఇవ్వడానికి మనసొప్పని సామానంతా మ్యూజియానికి వచ్చిపడింది. కాలిపోయిన మిక్సీ, చక్రం లేని ఉయ్యాల, గాలి రాని కూలరు. ఒకావిడ తన అత్తగారి పళ్ళసెట్టు పొట్లం కట్టి తెచ్చింది. పోలరాజు గారు దేన్నీ కాదనలేదు. గది మధ్యలో నిలబడితే తిరగడానికి చోటు లేకుండా చేసి, ఎంత నిండుగా ఉందో చూడమని నన్ను పిలిచాడు.

ఆయన మనవరాలు బిందుప్రియ కోల్‌కతాలో ఈ మ్యూజియాల చదువే చదివి, అక్కడే ఒక చిన్న మ్యూజియంలో పనిచేస్తోంది. సెలవుకి వచ్చిన పిల్ల ఆ గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"తాతా, యే సబ్ నహీ చలేగా," అంది. తాత తెలుగులో మాట్లాడితే మనవరాలు హిందీలో జవాబిస్తుంది, వాళ్ళింట్లో అంతే. "ఆధా సామాన్ హటావో. దీవార్ పే జగహ్ ఖాలీ ఛోడో."

"సగం తీసేసి ఖాళీ వదిలేత్తే, ఖాళీ చూడ్డానికి జనం ఎందుకొత్తారే?"

ఒక వస్తువు కంటికి ఆనాలంటే చుట్టూ ఖాళీ ఉండాలని ఆ పిల్ల హిందీలో ఓపిగ్గా చెప్పింది. తాత తెలుగులో ఓపిక లేకుండా విన్నాడు. చివరికి పిల్లే గెలిచింది. కూలరు వెళ్ళింది, మిక్సీ వెళ్ళింది, పళ్ళసెట్టు మర్యాదగా సొంతదారుకి చేరింది. బరువులెత్తే ఖలాసీలు నలుగురు మోసిన గొలుసు, కొలిమి దగ్గర వేసుకున్న చెక్క అడుగుల చెప్పులు, మూడు గిన్నెల అల్యూమినియం క్యారేజీ, ఇంకా అలాంటివి కొన్ని మిగిలాయి. ఒక్కోదాని కింద ఒక్క వాక్యం చీటీ. పోలరాజు గారు ఒక్కోదానికి పేజీడు రాసుకొచ్చాడు గానీ మనవరాలు అందులోంచి ఒక్క ముక్క మాత్రం తీసుకుంది. ముట్టుకోవద్దని మూడు లిపుల్లో బోర్డు పెట్టాం. అది చదివినవాళ్ళు కూడా క్యారేజీ మూత తీసి లోపల ఏముందో చూసే వెళ్ళారు.

అసలు గొడవ ఫొటోల గోడ దగ్గర వచ్చింది. ఎదురుగోడ మీద మొదట వచ్చినవాళ్ళ ఫొటోలు పెడదామంటే, ఇంటికి మూడేసి వచ్చాయి. పెళ్ళి ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు, తాజ్‌మహల్ ముందు నిలబడ్డ ఫొటోలు. పోలరాజు గారు ఒక్క మాటతో తేల్చేశాడు. "గోడమీద పోయినోళ్ళే. బతికున్నోళ్ళు ఎదురుగా నిలబడి చూసుకోండి." గోడ ఎక్కాలంటే ఇంత ఖరీదని తెలిశాక తోపులాట ఆగిపోయింది.

మధ్యలో మాత్రం ఫొటో లేదు. అక్కడ ఒక మేకుకి జానెడు తాడు వేలాడుతుంది. దానికి ఒక ముడి. చీటీ మీద ఇలా ఉంది: ఖలాసీ అప్పలసామి వేసిన ముడి.

అప్పలసామి పోలరాజు గారి తండ్రి. క్రేన్లు అందని చోట బరువుల్ని తాళ్ళతో కట్టి ఎత్తే పని ఆయనది. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మి, ఒక్కటీ తీయించుకోకుండా పోయాడు. ఇంటి పెరట్లో బట్టలారేసుకోడానికి జామచెట్టుకీ స్తంభానికీ మధ్య తాడు కట్టాడట. ఎన్ని గాలివానలొచ్చినా ఆ ముడి జారలేదు. ఆయన పోయాక, ఇల్లు మళ్ళీ కట్టేటప్పుడు, పోలరాజు గారు ముడికి అటూ ఇటూ తాడు కోసి దాచుకున్నాడు.

ఆ తాడు తగిలించిన రోజున ఆయన నాతో మాట్లాడిన గొంతు నాకు కొత్త. మామూలు మనుషులు మాట్లాడినంత మెల్లగా ఉంది.

"మా నాయన మొకం నాకు మరుపొచ్చేత్తంది టీచరమ్మా. పొద్దున్న లేచి తలుచుకుంటే ముక్కు గుర్తుకొత్తే కళ్ళు గుర్తుకి రాటం లేదు. ఇదొక్కటే ఉంది. ఇంట్లో ఉంటే నా తరవాత పారేత్తారు. ఇక్కడుంటే ఉంటాది."

గట్టిగా అరిచే మనిషి మెల్లగా మాట్లాడితే భయం వేస్తుంది.

గోడ పని అయిపోయింది అనుకునేలోపు మా ప్రెసిడెంటు సీతారామరావు గారు వచ్చారు. ఆయన రిటైర్డ్ ఫోర్మన్. పోలరాజు గారు పైన క్రేనులో ఉంటే, కింద నిలబడి చేతి సైగలతో ఆయన్ని నడిపించిన మనిషి ఈయనే. బొటనవేలు పైకంటే ఎత్తు, కిందికంటే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. ఉద్యోగమంతా ఈయన వేలు చూసి ఆయన లివరు తిప్పాడు. రిటైరయ్యాక ఆ వేలు మాట విననని పోలరాజు గారు ఒట్టు పెట్టుకున్నట్టుండేవాడు. సంఘం మీటింగుల్లో ప్రెసిడెంటు ఎడమంటే ఆయన కుడి అనేవాడు.

సీతారామరావు గారు గోడంతా చూసి, మధ్యలో ఆగి, "ఇదేటి?" అన్నారు.

"మా నాయన."

"తాడు కదా!"

"మా నాయనే."

"తాడుకి చోటుంది గానీ ప్రెసిడెంటుకి లేదా? ఈ గది ఇచ్చిందెవరు? నా ఫొటో దీని పక్కన ఉండాలి. లేదంటే గది క్యాటరింగ్ వాళ్ళు గిన్నెలకి అడుగుతున్నారు, ఇచ్చేత్తాను."

"బతికున్నోళ్ళకి లేదు. అందరికీ అదే రూలు."

"రూలు మార్చు," అని ఆయన వెళ్ళిపోయారు. గది తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉంది.

ఆ రోజంతా పోలరాజు గారింట్లోంచి చప్పుడు లేదు. మా ఆయన రెండుసార్లు గోడమీంచి తొంగి చూశాడు. మరునాడు ఆయనే వచ్చి, "సరే, ఆ ఫొటో పెడదాం," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ప్రారంభం రోజుకి పోయినవాళ్ళ ఫొటోలన్నిటికీ బంతిపూల దండలు తెమ్మన్నప్పుడు తాడుకీ ఒకటి లెక్కేసుకున్నాను. "ఇంకోటి ఎక్కువ తెండి," అన్నాడాయన. పువ్వులు రాలిపోతాయని కాబోలు అనుకున్నాను.

ప్రెసిడెంటు గారు ఫొటో తనే పట్టుకొచ్చారు. అందులో సూటు వేసుకుని, మెడలో రిటైర్మెంటు నాటి శాలువాతో ఉన్నారు. పోలరాజు గారు స్టూలెక్కి మేకు పట్టుకుని నిలబడ్డాడు. కింద సీతారామరావు గారి చెయ్యి తనంతట తనే లేచింది. బొటనవేలు పైకి. పోలరాజు గారి మేకు పైకి జరిగింది. ఇంకొంచెం పైకి. పిడికిలి. సుత్తి దెబ్బ పడింది. ఇద్దరికీ ఒళ్ళు మండింది గానీ, మేకు మాత్రం తాడు పక్కన వంక పెట్టలేనంత తిన్నగా పడింది.

ప్రారంభం ఆదివారం పొద్దున్న. రిబ్బను కట్ చేశాక, గోడమీది పెద్దలకి దణ్ణం పెట్టకుండా మిగతావి ఎలా చూస్తామని ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. మావాళ్ళకి పోయినవాళ్ళ ఫొటో కనపడితే బొట్టుపెట్టి దండ వెయ్యకుండా చెయ్యి ఊరుకోదు. గంధం, కుంకుమ పళ్ళెం అందరికంటే పెద్దావిడ, ప్రెసిడెంటు గారి భార్య కస్తూరమ్మ గారు పట్టుకున్నారు. ఆవిడకి ఈ మధ్యే ఒక కంటికి ఆపరేషనయింది. పట్టుచీర మీదికి కళ్ళజోడు బాగోదని ఇంట్లో వదిలేసి వచ్చారు.

ఆవిడ ఎడంవైపు చివర మొదలుపెట్టారు. ఒక బొట్టు, ఒక దండ, ఒక దణ్ణం. వెనక ఆడవాళ్ళంతా. తాడు దగ్గరికి వచ్చి చేత్తో తడిమారు. "అప్పలసామి మావయ్యా," అని ముడి మీద కుంకుమ అద్దారు, దండ వేశారు. పోలరాజు గారు గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆ చప్పుడుకి ఇద్దరు పిల్లలు ఏడ్చారు.

తర్వాతి ఫొటోకి బొట్టు పెట్టారు. దండ వేశారు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి, "ఎక్కడున్నా చల్లగా చూడు నాయనా," అన్నారు.

"కస్తూరీ, నేనిక్కడున్నానే!" అన్నారు వెనకనుంచి సీతారామరావు గారు.

ఆవిడ కళ్ళు తెరిచి, ముక్కు ఫొటోకి ఆనించి చూశారు.

"ఓలమ్మో! నా బొట్టు నాచేతే తుడిపించేత్తారేటర్రా! ఎవుడెట్టాడీ ఫొటో ఇక్కడ?"

పోలరాజు గారు పైకప్పు వైపు చూశాడు.

"నేనే పెట్టించుకున్నాను," అన్నారు ప్రెసిడెంటు గారు, స్కూలు పిల్లాడిలాగ.

"బతికుండగా దండేయించుకోవాలని సరదా ఏటండీ మీకు? అంత సరదా అయితే నన్ను ముందు పోనివ్వండి!" ఆవిడ ఫొటో లాగి, దండ తెంపి, కొంగులో దాచేశారు. ఆయన్ని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తెప్పించి దిష్టి తీశారు. బయట ఆ మిరపకాయలు కాల్చిన ఘాటుకి మా మొదటి సందర్శకులంతా దగ్గుకుంటూ మ్యూజియం చూశారు. బిందుప్రియ గొలుసు ముందు నిలబడి, "యే సిలబస్ మే నహీ థా," అంది. తన సిలబస్‌లో ఇది లేదట.

ప్రెసిడెంటు గారికి పరువు పోయింది. దిష్టి దిగాక లేచి, గది రేపే ఖాళీ చెయ్యాలన్నారు. పోలరాజు గారి చెయ్యి తాడు మీదికి వెళ్ళింది. తీసి జేబులో పెట్టుకుందామన్నట్టు.

కస్తూరమ్మ గారి కోపం ఇంకా దిగలేదు. "ఏటి ఖాళీ చేసీది? ఇంతమంది పెద్దలకి బొట్టెట్టిన గది. పూజైపోయింది. ఇందులో రేపు కోడికూర గిన్నెలు ఎడతారా? ఎట్టించండి, నా పీనుగు లేచాక."

పొద్దున్నే పీనుగు అన్న మాట రెండోసారి వినే ఓపిక సీతారామరావు గారికి లేదు. తాళంచెవి తీసి బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాత నేను పోలరాజు గారిని నిలదీశాను. "మీకు ముందే తెలుసు కదూ?"

"కస్తూరప్ప బొట్టెట్టుకుంటా వత్తంటే మజ్జిలో ఆపితే బాగుంటాదేటి?" అన్నాడు. నవ్వు మాత్రం దాచుకోలేకపోయాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మ్యూజియం తెరుస్తాం. పోలరాజు గారే చూపిస్తాడు. పిల్లలు చెవులు మూసుకుని వింటారు. తాడు పక్కన ఖాళీ మేకు అలాగే ఉంది. ఖాళీ ఎందుకని అడిగినవాళ్ళకి, "మా మనవరాలి చదువు," అని చెబుతాడు.

మొన్న ఒక బుధవారం లోపల చీపురు పెడదామని నేను తాళం తీశాను. వెనకే సీతారామరావు గారు వచ్చారు. ఆ ఆదివారం తర్వాత రావడం అదే మొదలు. మనిషి కొంచెం చిక్కారు. గోడ ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఇంతలో పోలరాజు గారూ వచ్చాడు. నా తాళం చప్పుడుకి ఆయన ఎక్కడున్నా వస్తాడు.

"ఆ మేకు పీకెయ్యలేదేం?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పీకితే గోడ పాడైపోద్ది."

"పీకకు. ఉండనీ."

పోలరాజు గారు వెనక్కి తిరిగి, మూలనున్న స్టూలు లాక్కొచ్చి, తాడుకి రెండోపక్కన వేశాడు. జేబులోంచి ఒక మేకు తీశాడు. అది ఎన్నాళ్ళుగా జేబులో ఉందో నాకు తెలియదు.

"ఇదెవరికి?" అన్నారు సీతారామరావు గారు.

"మా నాయన పక్కన ఇంకెవరుంటారు?"

స్టూలెక్కి మేకు గోడకి ఆనించి, మెడ తిప్పి కిందికి చూశాడు. సీతారామరావు గారి చెయ్యి లేచింది. బొటనవేలు పైకి. ఇంకొంచెం. కొంచెం దించు. పిడికిలి. అది గట్టిగానే బిగిసింది. సుత్తి దెబ్బ పడింది.

రెండు మేకులూ సరిగ్గా ఒకే ఎత్తున ఉన్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీపురు తెస్తానని బయటికి వచ్చేశాను. అప్పటికే లోపల, ముందు గోడ ఎక్కేది ఎవరని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. పోలరాజు గారి గొంతు మా ఇంటిదాకా వినపడిందని మా ఆయన తర్వాత చెప్పాడు.