రెండో బంతి

పోయిన ఆదివారం పెదపాడులో మా ఆఫీసు గుమస్తా గారి కొత్తింట్లో భోజనాలు. హాజరైనవాళ్ళు: సెక్షన్ ఆఫీసరు గారు, సూపర్‌వైజర్లం ఇద్దరం, కాలవ లస్కర్లు ముగ్గురు, గుమస్తా గారి బంధువులు నలభై మందికి తక్కువ కాకుండా. ఉన్నవి: తాటాకు పందిరి ఒకటి, అరువు గుండిగలు నాలుగు, కొల్లేటి వైపు నుంచి గాలి, ఆ గాలికి లేచిపోకుండా ఒక్కో విస్తరి మీద ఒక్కో మంచినీళ్ళ గ్లాసు. సగం మంది తిని లేచారు. వంటాయన గరిటె పైకెత్తి, "రెండో బంతి రండి బాబూ, రండి!" అని కేకేశాడు. అందరూ వెళ్ళి కూర్చున్నారు. నేను చెప్పులు తొడుక్కుని బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను. ఎవరైనా అడిగితే కడుపులో బాగాలేదని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

మా చిన్న మేనత్త ఏలూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో డ్రిల్లు టీచరుగా ఉండేది. మద్రాసులో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ చదివి, అక్కడి నుంచి మూడు తెచ్చుకుంది: సర్టిఫికెట్టు, ఈల, ఫుట్‌బాల్ పిచ్చి. మొదటి రెండింటికీ ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేదు. మూడోదానికి ఇంటింటికీ తిరిగి తల్లులను ఒప్పించింది. పావడా కచ్చ పోసి, ఓణీ నడుముకు బిగిస్తే ఆడపిల్ల పరుగెత్తవచ్చునని మా ఇంటి వరండాలో తనే పరుగెత్తి చూపించింది. మా నాన్నమ్మ తలుపు వేసేసుకుంది. గచ్చు మీద ముగ్గుపిండితో మైదానం గీసి, పదకొండు చింతపిక్కలు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో రాత్రి భోజనాలయ్యాక పిల్లలకు చెప్పేది. గోలు కాసే పిల్లది కొల్లేటి లంక. ఎలా పట్టుకున్నావే అంత బంతినీ అని అడిగితే, "వల లాగిన చేతులండీ, చేపే జారదు, బంతెక్కడికి పోద్దండీ?" అనేది. పెళ్ళి మాటెత్తితే మా అత్తయ్య, "ముందు నా ఉద్యోగం పర్మనెంటు కానివ్వండర్రా" అనేది. ఆ ఉద్యోగం ప్రతి ఏప్రిల్‌లో ముగిసేది. జూన్‌లో మళ్ళీ కాగితం వచ్చేదాకా ఆమె పోస్టుమాన్ సైకిలు గంట వింటూ కూర్చునేది.

మూడో ఏడు కాలేజీ సెక్రటరీ గారు, బియ్యం మిల్లు ఆయన, మాట తేల్చారు. "ఏవమ్మా, ఒక్క పోటీ ఆడించి చూపించండి. నలుగురూ నవ్వకుండా జరిగిందా, జూన్ నుంచి మీరు పర్మనెంటు. నవ్వారా, ఆట లేదు, పోస్టూ లేదు." తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల ట్రైనింగు స్కూలు ఒకటి ఒప్పుకుంది. బంతి మాది, మైదానం వాళ్ళది. మా కాలేజీకి ఉన్నది ఒక్కటే బంతి, కుట్లు వదులైన తోలుది. రెండోది కొనమంటే సెక్రటరీ గారు, "ఉన్నదాన్నే తంతున్నారు కదమ్మా!" అన్నారు. అందుకని అత్తయ్య గూడెం వాళ్ళకు ఉత్తరం రాసింది, స్పేర్ ఫుట్‌బాల్ ఒకటి దగ్గర పెట్టుకోమని.

ఆ ఉత్తరం సాపు రాసింది నేను. కాకినాడలో డిప్లొమా చదువుతూ సెలవులకు వచ్చాను. డ్రాయింగు క్లాసులో నా అక్షరాలకు పేరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కనుక కాలేజీ ఉత్తరాలన్నీ తెలుగులోనే ఉండాలని సెక్రటరీ గారి ఉత్తర్వు. నేను ఆ ఉత్తర్వును అక్షరాలా పాటించాను. స్పేర్ ఫుట్‌బాల్ అన్న మాట కొట్టేసి, "మేము పదకొండుగురము వచ్చుచున్నాము. రెండో బంతి కూడా సిద్ధముగా నుంచగలరు" అని రాశాను. అత్తయ్య చదివి, "అచ్చు వేసినట్టుందిరా" అని సంతకం పెట్టింది.

పాసింజరు బండిలో వెళ్ళాం. యుద్ధంనాటి విమానాల రన్‌వే పక్కన మైదానం, చుట్టూ తుమ్మచెట్లు, ముందు వరసలో కుర్చీలు, మధ్య కుర్చీలో మా సెక్రటరీ గారు. ఆట మొదలైంది. జనం చుట్టలు ఆర్పేసి చూశారు. మా జట్టులో తివాచీలు నేసే సాయిబుగారి అమ్మాయి గోలు కొట్టింది. ఒక్కరూ నవ్వలేదు. సెక్రటరీ గారు చప్పట్లు కూడా కొట్టారు. కాసేపటికి బంతి కుట్టు విడిపోయి, లోపలి రబ్బరు బ్లాడరు బయటికి ఉబ్బి, తుమ్మముళ్ళ మీద పడి పగిలింది.

అత్తయ్య తొణక్కుండా కుర్చీల దగ్గరికి వెళ్ళి, ఆ స్కూలు పెద్దాయనను అడిగింది. "రెండో బంతి తెప్పించండి."

"అప్పుడేనా అండీ?" అన్నాడాయన. "అంతా సిద్ధమేనండీ! పులిహోర, బూరెలు, వంకాయ కూర. మీరు రాసినట్టే మొదటి బంతికి పదకొండాకులు, రెండో బంతికి పదకొండాకులు. ఆట ముగించి కూర్చుందురు గాని."

"భోజనం కాదండీ. బంతి. తన్నే బంతి."

"తన్నే బంతా! అయ్యయ్యో, అలా రాస్తే మగపిల్లల హైస్కూలు నుంచి తెప్పించేవాళ్ళం కదండీ. ఇవాళ ఆదివారం, తాళం వేసుంది."

ముందు కుర్చీల్లో ఒకాయన నవ్వాడు. తరువాత వెనకవాళ్ళకు సంగతి అందింది. "రెండో బంతి వడ్డించండెహె!" అని ఎవరో అరిచారు. మైదానమంతా నవ్వింది. చివరికి మా సెక్రటరీ గారూ నవ్వారు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వు అయ్యాక, "ఎవరమ్మా ఆ ఉత్తరం రాసింది?" అన్నారు.

నేను ఆమె పక్కనే ఉన్నాను. "నేనేనండీ" అంది అత్తయ్య.

పిల్లలు అన్నం ముట్టలేదు. లంక పిల్ల తిరుగు బండిలో పగిలిన తోలును ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా వేళ్ళతో కుట్లు నొక్కుతూ కూర్చుంది. జూన్‌లో కాగితం రాలేదు. అత్తయ్య ఇప్పుడు జంగారెడ్డిగూడెం బళ్ళో కుట్టుపని నేర్పుతోంది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది, ఉత్తరాలు మాత్రం తనే రాసుకుంటుంది. ఆ మాట మార్చింది నేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఇదిగో ఇప్పటిదాకా.

ఆ రోజు కాలం లెక్క చూసే పని నాది. ఈల ఊదినప్పుడు ఒకసారి, బంతి పగిలినప్పుడు ఒకసారి గడియారం చూసి పుస్తకంలో వేశాను. మూడేళ్ళు నేర్పిన ఆట ఆమె పోటీలో ఆడించింది ఇరవై ఆరు నిమిషాలు.