వెంకాయమ్మ పిన్నిగారు పిలిస్తే వచ్చేవారు

నిన్న పొద్దున్న ఫోన్ మోగింది. పది రోజులుగా ఆ కబురు ఎప్పుడొస్తుందోననే భయం.

వెంకాయమ్మ పిన్నిగారు పోయారు.

ఉప్పలగుప్తంలో మా వీధి చివర ఇల్లు ఆవిడది. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా ఒక్కరే ఉండేవారు.

కువైట్, మస్కట్‌లలో ఉన్న మనవాళ్ళకి తెలియాలని అమలాపురం నెట్ సెంటర్‌లో కూర్చుని రాస్తున్నాను. టైపింగ్ తప్పులుంటే ఏమీ అనుకోకండి.

రెండేళ్ళ క్రితం మా మహిళా సంఘానికి ఒక ట్రస్టు గ్రాంటు ఇచ్చింది. పిల్లలు దూరాన ఉండి ఇళ్ళల్లో ఒంటరిగా మిగిలిన పెద్ద ఆడవాళ్ళని రోజూ మధ్యాహ్నం సంఘం గదిలో చేర్చాలి. టీ, కబుర్లు, బీపీ చూడడం.

షరతు ఒక్కటే. మూడు నెలలకి ట్రస్టు ఆఫీసర్ వచ్చేసరికి ఇరవై మందైనా ఉండాలి. లేకపోతే మిగతా డబ్బు రాదు.

బాధ్యత నాది. లిస్టు రాసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. ముత్తైదువులని బొట్టు పెట్టి పిలిచాను. భర్త పోయినవాళ్ళకి మాత్రం వీధిలోంచే చెప్పి వచ్చేశాను.

అలవాటు. తప్పని తోచనే లేదు.

ఏడుగురు వచ్చారు. వారం తిరిగినా ఏడుగురే. నాకు అన్నం సయించలేదు.

కారణం కనుక్కుందామని పిన్నిగారింటికి వెళ్ళాను. బియ్యం ఏరుతున్నారు. తలెత్తలేదు.

"ఏవమ్మాయ్, ఆ గ్రాంటేదో ముత్తైదువులకే ఇచ్చేరా?"

"అయ్యో, అందరికీనండి!"

"మరి ఊళ్ళో ఒంటరోళ్ళెవరో చూసుకున్నావా? సగంపైగా మాలాంటోళ్ళే. వీధిలోంచి కేకేసి పోయేవు, పాలవాడిలాగ. వాడు నయం, ఆగి పాలన్నా పోస్తాడు."

సిగ్గుతో తల వాలిపోయింది.

"ఏం చెయ్యమంటారండీ?"

"లోపలికొచ్చి కూచో. చెయ్యి పట్టుకుని రమ్మను. బొట్టెవడిక్కావాలి?"

మర్నాటి నుంచి ఆవిడే నాతో తిరిగారు. ప్రతి ఇంట్లోనూ కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, చెయ్యి పట్టుకుని పిలిచేవారు.

ఆఫీసర్ వచ్చిన రోజు ఇరవై ఆరుగురు. కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చాం.

ఈ శుక్రవారం ఆ ఆఫీసర్ మళ్ళీ వస్తున్నారు, గ్రాంటు పొడిగించాలో వద్దో చూడడానికి.

పిన్నిగారు మంచం పట్టాక నేను ఆస్పత్రి చుట్టూ తిరిగాను. ఇళ్ళకి వెళ్ళి పిలిచేవాళ్ళు లేరు. మొన్న తొమ్మిది మందే వచ్చారు. ఆ గది మూతపడితే వీళ్ళందరూ మళ్ళీ ఎవరి గోడల మధ్య వాళ్ళే. అదే నా బెంగ.

నిన్న పిన్నిగారిని శ్మశానానికి తీసుకెళ్ళాక, రావడం మానేసిన ఆడవాళ్ళందరూ ఆవిడ అరుగు మీదే కూర్చుండిపోయారు. చివరికి సత్యవతిగారని ఒక పెద్దావిడ అడిగారు.

"శుక్రవారం ఎన్నింటికమ్మా?"

"మూడింటికండీ."

"ఆయ్. మా వీధిలోవాళ్ళని నే తీసుకొస్తాను. ఆ చివర వీధి ఎవరు చూస్తారో చెప్పండర్రా."

ఇద్దరు చేతులెత్తారు.

ఎంతమంది వస్తారో శుక్రవారం దాకా తెలియదు.

పిన్నిగారూ, చాలా గుమ్మాలు ఎక్కి దిగారు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. మీరు ఎక్కడున్నా మీ మనసు చల్లగా ఉండాలి.