మా అమ్మ పన్ను, నా మాత్రలు

ఉదయగిరిలో నాది మందుల షాపు. పన్నునొప్పి అని ఎవరొచ్చినా నోరు తెరవమని కూడా అనేవాణ్ణి కాదు. ఒక యాంటీబయాటిక్ స్ట్రిప్పు, నాలుగు నొప్పి మాత్రలు కవర్లో వేసి ఇచ్చేసేవాణ్ణి. నా హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. ఆ పేరు చూసుకుని కాస్త మిడిసిపడేవాణ్ణి కూడా.

అమ్మకు కింది దవడ పన్ను సలిపినప్పుడూ అదే వైద్యం. అయిదు రోజులకు తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాను. “ఆత్మకూరులో చూపించుకుందాంరా” అని అమ్మ అంటే, “ఇంట్లో షాపు పెట్టుకోని డాక్టరేందిమా, ఊరుకో!” అని కసిరాను. మూడోసారి మాత్రలు సగం వాడేసరికి, ఒక పొద్దున దవడ వాచి మెడ దాకా దిగింది. కాఫీ మింగలేక కక్కేసింది.

కారు మాట్లాడుకుని బయల్దేరాం. దుత్తలూరు దాటాక అమ్మ మాట్లాడటం మానేసింది. “ఊపిరి ఆడతా ఉండాదా మా?” అని పదిసార్లు అడిగాను. చెయ్యి ఊపింది, అంతే. అయ్యో, మా అమ్మను నేనే చంపుకుంటున్నానే అనుకున్నాను.

ఆత్మకూరులో పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, పన్నుకు రంధ్రం చేసింది. చీము బొటబొటా కారింది. చాలాసేపటికి అమ్మ గుక్కెడు నీళ్ళు మింగింది. నాకు ఏడుపొచ్చింది.

“సాయంత్రానికి వాపు తగ్గకపోతే నెల్లూరు తీసకపోవాల్సిందే” అంది డాక్టరమ్మ. నేను చూపించిన స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని మండిపడింది. “పంట్లో నరం చచ్చినాక ఆడికి రక్తమే పోదు, మాత్ర ఎట్ట పోతాది? క్రిములు వేరు లోపల గోడకు జిగురుపొర కట్టుకోని కూర్చుంటాయి. తొట్టికి పట్టిన పాచి నీళ్ళు పోస్తే పోతాదా? గీకాల, మందునీళ్ళతో కడగాల, లోపల మందు పెట్టి మళ్ళా చూడాల. ఎవరిచ్చినారు ఇవి?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ, నోట్లో దూదితోనే, “కలిగిరిలో... ఎవరో షాపాయన” అని గొణిగింది.

“ఆ పెద్దమనిషి వాళ్ళమ్మకైతే ఇట్టనే ఇస్తాడా?”

అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది, మాట్లాడొద్దన్నట్టు.

“ఇచ్చినాడు మేడం” అన్నాను. “ఈమే వాళ్ళమ్మ.”