కరెంటు పోయాక తిరిగిన ఫ్యాను

మా మామయ్య సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాడు. మాటలు, అడుగుల చప్పుడు, వాన, సంగీతం ఏది ఎంత వినపడాలో తూకం చూసి కలపడం ఆయన పని. దర్శకుడు ఆయన్ను ‘చెవిగారు’ అనీ, ఎడిటింగ్ చేసే ఆవిడను ‘కత్తెరమ్మ’ అనీ పిలుస్తాడు. ముగ్గురూ కూర్చుంటే సినిమా కన్నా వాళ్ల గొడవే గట్టిగా వినపడేది.

“మీరు తీసిందంతా ఉంచితే జనం దిండ్లు తెచ్చుకోవాలి,” అనేది ఆవిడ.

“నీ చేతికిస్తే టైటిళ్లూ, శుభం కార్డూ మిగులుతాయి.”

“మీరిద్దరూ ఆగితే నాకు సినిమా వినపడుతుంది,” అనేవాడు మామయ్య.

కిందటి సినిమాకు ఆ సందడి లేదు. అందులో కరెంటు పోయిన ఇంట్లో, దీపం వెలుగులో ఓ పిల్ల నిద్రపోతుంటుంది. ఆ పిల్ల దర్శకుడి కూతురే. షూటింగ్ అయిన కొన్నాళ్లకు జ్వరంతో చనిపోయింది.

ఆ షాటు తీసేటప్పుడు పిల్లకు చెమట పడుతోందని కెమెరాకు కనపడకుండా పక్కన ఫ్యాను పెట్టారు. మామయ్యకు తప్పుడు శబ్దమంటే గిట్టదు. కరెంటు లేని ఇంట్లో ఫ్యానేమిటని అలవాటుగా ఆ చప్పుడు తుడిచేశాడు. గాలి హోరు, ఊపిరి చప్పుడు ఇంచుమించు ఒకే పౌనఃపున్యాల్లో ఉంటాయి. ఒకటి వడగడితే రెండోదీ పోతుంది. పోయింది.

“మా అమ్మడి ఊపిరేదీ?” అన్నాడు దర్శకుడు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆ షాటును కరెంటు పోకముందుకు జరుపుదామని కత్తెరమ్మ చాలాసేపు అవస్థ పడింది. దిండు పక్కనే దీపం. కుదరలేదు.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య మా ఇంటికి వచ్చాడు.

“పాప పడుకుందామ్మా?”

“ఇప్పుడే. ఏం మామయ్యా?”

“కాసేపు దాని ఊపిరి రికార్డు చేసుకుంటాను.”

సంగతంతా చెప్పాడు. కాదనలేకపోయాను. మా పాప నిద్రపోతే దాని ముక్కు కింద వేలు పెట్టి చూసుకోనిదే నాకు వంట మీద మనసు నిలవదు. అలాంటిది, ఆ ఊపిరిని ఆయన పెట్టెలో వేసుకుని వెళ్తుంటే గుమ్మంలోనే నిలబడిపోయాను.

మామయ్య దాన్ని తెర మీద పిల్ల ఛాతీ కదలికకు సరిగ్గా అతికించాడు. దర్శకుడు కళ్లు మూసుకుని విన్నాడు.

“ఇది మా అమ్మడిది కాదు. దానికి ఎప్పుడూ ముక్కు దిబ్బడే. చివర్లో సన్నగా ఈల వేసేది.” కళ్లు తెరిచి, “ఎవరి పాప?” అన్నాడు.

“మా మేనకోడలి కూతురండీ.”

“పాప బాగుందా?”

“బాగుంది.”

“తీసెయ్యండి చెవిగారూ. ఆ పిల్ల ఊపిరి ఆ పిల్లకే ఉండనీ. నిశ్శబ్దంగా వదిలెయ్యండి.”

ఆయన వెళ్లాక కత్తెరమ్మ ముక్కు చీదుకుంది. “ఫ్యాను చప్పుడు మళ్లీ పెట్టెయ్యండి, దాంతోపాటే అమ్మడి ఊపిరీ వస్తుంది. నేనూ ఆ షాటులో ఒక్క ముక్క కొయ్యను.”

“జనం నవ్వుతారమ్మా.”

“నవ్వనీండి.”

నవ్వారు. మొదటి ఆటకు మామయ్యతో నేనూ వెళ్లాను. ఆ షాటు రాగానే వెనక ఎవడో, “కరెంటు లేదుగా, ఫ్యానెవడు తిప్పుతున్నాడ్రా? వాళ్ల తాతా?” అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో ఊపిరి నాకు వినపడలేదు. ముందు వరసలో దర్శకుడు మాత్రం తెర వైపు వంగి కూర్చున్నాడు.

బయట ఓ నిర్మాత ఎదురయ్యాడు. తర్వాతి సినిమా మామయ్యకే ఇస్తానన్న మనిషి.

“ఏంటండీ చెవిగారూ, చెవులు అద్దెకిచ్చారా? అంత ఫ్యాను ఎలా వదిలేశారు?”

మామయ్య మొహం ఎర్రబడింది. తన పనిలో ఒకరు తప్పు పడితే వినడం ఆయనకు అలవాటు లేదు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కాడు.

“వయసైపోతోందండీ. గమనించలేదు.”

నిర్మాత జాలిగా తలూపి వెళ్లిపోయాడు. లోపల దర్శకుడు ఇంకా సీట్లోంచి లేవలేదు. తర్వాతి ఆటకు జనాన్ని లోపలికి వదులుతున్నారు.