మొదటి ఆదివారం చీర

ఓడరేవు పక్కన మేముండే గార్డెన్ రీచ్ నుంచి అమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నంతసేపూ అమ్మ గుండెకి ఇంగ్లీషు మాటలు వెతుక్కున్నాను. కొత్త డాక్టరమ్మ మద్రాసావిడ, అరవం, ఇంగ్లీషు తప్ప రావట. దడదడకి పౌండింగ్, రెపరెపకి ఫ్లట్టరింగ్, మధ్యలో ఒక దెబ్బ తప్పితే స్కిప్పింగ్. నది మీద మంచులోంచి ఓడ కూత వినిపిస్తే అదీ అమ్మ గుండెలోంచే వచ్చినట్టుంది.

ఆసుపత్రి గదిలో ఆ మాటలన్నీ ఒప్పజెప్పాను. డాక్టరమ్మ అమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. రక్తం తగ్గితే గుండె ఇలాగే పరిగెడుతుందని చెప్పి, "పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎలా ఉంది? కాస్త స్పాటింగేనా, హెవీయా?" అంది.

మా ఇళ్లలో ఆ సంగతి కొడుకుల ముందు ఎవరెత్తుతారు?

"ఏటంతంది?" అంది అమ్మ.

నేల చూస్తూ గొణిగాను. అమ్మ ఫ్యాను వంక చూస్తూ విసుగ్గా, "తెల్ల చీర కట్టడం మానీసినానని సెప్పు," అంది.

మా తెలుగు చర్చిలో నెల మొదటి ఆదివారం, ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి ఆడవాళ్లంతా తెల్ల చీరల్లో వస్తారు. వాళ్లు లేచి నిలబడితే చర్చంతా తెల్లమబ్బు దిగినట్టుంటుంది. కొన్నాళ్లుగా అమ్మ ఒక్కర్తే ముదురు చీరలో వెనక బెంచీ మీద కూర్చుంటోంది.

"హెవీ," అన్నాను.

ఎప్పట్నించి అని అడిగింది డాక్టరమ్మ. అది అమ్మని అడగక్కర్లేకపోయింది. వానాకాలం మొదట్లో ఒక సంస్కారం ఆదివారం, మెరూన్ చీర కట్టుకుని చర్చికి బయల్దేరిన అమ్మని, "పెళ్లికా?" అని నవ్వింది నేనే.