రెండోసారి మూసిన ఫైలు

ఆయనకు ఆఫీసువాళ్లు పెట్టిన పేరు రెండు తాళాలాయన. తలుపుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. గ్యాసు పొయ్యీ అంతే, కొళాయీ అంతే. భార్య బతికున్న రోజుల్లో, "నేను ఒప్పుకోలేదు గానీ లేకపోతే పెళ్లి కూడా రెండుసార్లు చేసుకునేవారు" అని ఏడిపించేది.

ఒక పెద్ద ఆసుపత్రికి ఫైల్ సర్వర్ ప్రోగ్రాము రాసింది ఆయనే. డాక్టర్లు ఎవరి గదిలో వాళ్లు కూర్చుని స్కాన్లు తెరిచి చూసేది దాని ద్వారానే. ఆరేళ్ల కిందట ఒకావిడ స్కాను ఇంకొకావిడ ఫైల్లోకి వెళ్లిపోయింది. ఆపరేషన్ బల్ల దాకా వెళ్లాక ఒక నర్సు కనిపెట్టింది కాబట్టి సరిపోయింది. ఎంత గాలించినా కారణం దొరకలేదు. ఎవరో ఒకరి మీదకు తొయ్యాలి కదా, ఆయన్ను ఇంటికి పంపేశారు. తన ప్రోగ్రాములో తప్పు లేదని ఆయన అప్పటినుంచీ అంటూనే ఉన్నాడు.

నమ్మింది కూతురొక్కతే. చదువైపోగానే పట్టుబట్టి అదే ఆసుపత్రిలో, అదే సర్వర్ పనిలో చేరింది. నాన్న మీద పడ్డ మచ్చ ఆయన ఉండగానే చెరిపెయ్యాలి. ఆయన గుండె ఇంకెన్నాళ్లో డాక్టరు చెప్పీ చెప్పకుండా చెప్పేశాడు మరి.

ఎనిమిది నెలలు తవ్వింది. రెండు వందలమంది ఉత్తుత్తి రోగులను సృష్టించి, అందరి స్కాన్లూ ఒకేసారి పంపిస్తూ, మధ్యలో కేబుల్ పీకేసి చూసేది. ఒక గురువారం మధ్యాహ్నం ఒకరి బొమ్మ ఇంకొకరి ఫైల్లో తేలింది. కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది పిచ్చిపిల్ల.

తెరిచిన ప్రతి ఫైలుకూ సర్వర్ ఒక నంబరిస్తుంది. మూస్తే ఆ నంబరు ఇంకొకరికి పోతుంది, సైకిల్ స్టాండు టోకెన్‌లాగా. కేబుల్ ఊడినప్పుడు ప్రోగ్రాము ఒక మనిషి ఫైలును మూసేది. నాలుగు లైన్ల కింద అదే నంబరును మళ్లీ మూసేది. ఈలోపు ఆ నంబరు రెండో మనిషిది అయిపోయింది, రెండోసారి మూసుకున్నది ఆ మనిషి ఫైలు. నంబరు మూడో మనిషికి వెళ్లింది. రెండో మనిషి స్కాను మాత్రం ఆ నంబరులోకే రాసుకుంటూ పోయింది, మూడో మనిషి ఫైల్లోకి.

ఆ లైను పక్కనే ఒక చిన్న గమనిక: "మూసిందో లేదో, ఇంకోసారి." ఎవరు రాశారో చూడనక్కరలేదు. లైను కొట్టేసింది. సర్వర్ బాగుపడింది.

సాయంత్రం ఆయన్ను గుండె డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. దారి పొడవునా అబద్ధం అల్లుకుంటూ ఇంటికొచ్చింది.

"దొరికింది నాన్నా. తప్పు డిస్కుది."

ఆయన ముఖం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

"డిస్కు పాడైతే ఫైలు పాడవుతుంది గానీ, వేరేవాళ్ల ఫైల్లోకెందుకు పోతుందమ్మా?" అన్నాడు. చొక్కా తొడుక్కుంటూ, "రెండుసార్లు మూశానా?" అని అడిగాడు.

తనే వెతక్కుండా ఉంటే ఆయన ఆ నమ్మకంతోనే వెళ్లిపోయేవాడు కదా అని ఆమె ఏడ్చింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆ ఆపరేషన్ ఆవిడ ఇప్పుడు బాగానే ఉందా అని మాత్రం అడిగాడు.

బయటికొచ్చి తాళం వేశాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరుగుతాడని ఆమె ఎదురుచూసింది. తిరగలేదు.

"నేను చూసి రానా నాన్నా?"

"వద్దమ్మా. ఒకసారి వేశాగా."

లిఫ్టు వచ్చేదాకా తాళంచెవిని ఆయన జేబులో వేసుకోలేదు.